అత్త కంటికి ఆనే అక్షరం

ముందే చెప్పేస్తున్నాను, నేను మాటలకు గాలి కొట్టే మనిషిని. ఇంట్లో బల్లి కనిపిస్తే బయటికొచ్చి ఉడుమని చెబుతాను. ఉడుమే కనిపిస్తే నల్లమల దిగొచ్చిన మొసలంటాను. నల్లమలలో మొసళ్లుంటాయా అని ఎవరైనా అడిగితే, మీరెప్పుడైనా పోయి చూశారా అని ఎదురడుగుతాను. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని పక్కింటావిడ దగ్గర వాకబు చేసి, అప్పుడు నమ్మాలా వద్దా అని ఆలోచిస్తుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి. అయితే ఒక మాట. ఈ కింద ఎక్కడైనా బొత్తిగా నమ్మలేనిది కనిపిస్తే అది నిజమే అయ్యుంటుంది. అంతటి కల్పన నావల్ల కాదు.

నంద్యాలలో నాకు పెళ్లిపత్రికలు అచ్చేసే దుకాణం ఉంది. ఎంత చిన్నదంటే, లోపల నాకు తుమ్మొస్తే మిషను ఆపి, బయటికి పోయి తుమ్మి రావాలి. ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు. నంద్యాల చుట్టూ ఉన్న పల్లెల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడికీ ఆ నెలలోనే పెళ్లవుతోందా అనిపిస్తుంది. తర్వాత మూఢం వస్తుంది. శుక్రుడో గురుడో సూర్యుడి చాటున దాక్కుంటాడు, పెళ్లిళ్లు ఆగిపోతాయి, నా మిషను మీద బూజు పడుతుంది. ఊరికే కూచుంటే మా ఆవిడ కూరగాయల సంచి చేతికిస్తుంది. అందుకని మూఢాల్లో నేను హత్యలు అచ్చేయడం మొదలుపెట్టాను.

భయపడకండి. పాత డిటెక్టివ్ నవలలు. మా నాయన తరం వాళ్లు అన్నం మానేసి చదివినవి, ఇప్పుడెక్కడా దొరకనివి. రచయితల ఇళ్లవాళ్లను వెతికి పట్టుకుని అనుమతి తెచ్చుకుంటాను. ఇవాళ్టి మనిషి కళ్లు చిట్లించకుండా చదువుకునేలా మళ్లీ కూర్చి, కొన్ని కాపీలు వేస్తాను. పెళ్లిపత్రికల నమూనాల పక్కనే వాటినీ పెట్టి అమ్ముతాను. శుభలేఖ కోసం వచ్చిన పెళ్లికూతురి తండ్రి ఒకాయన, మంచి ముహూర్తంలో ఆ కత్తి బొమ్మ ఏంది స్వామీ అని ఒకటి కొనుక్కుపోయి, కూతురి పెళ్లిలో కూడా కొంగు చాటున పెట్టినట్టు కండువా చాటున పెట్టి చదివాడు. ఇది నేను కళ్లారా చూసింది. కండువా మాత్రం నేను కలిపింది.

ఆ పాత పుస్తకాలు మీరు చూసి ఉండరు. అక్షరాలు చీమల కాళ్లంత ఉంటాయి. చీమలంత అనలేదు, గమనించండి. పేరాలైతే చెప్పనక్కర్లేదు. నంద్యాల బస్టాండులో పేరా మొదలుపెడితే శిరివెళ్ల దాటి, ఆళ్లగడ్డలో దిగి, సోడా తాగి, మూతి తుడుచుకున్నా ఫుల్‌స్టాప్ రాదు. అక్షరం పెంచడం ఎవరైనా చేస్తారు. ఎంత పెంచాలి, ఎక్కడ తుంచాలి అన్నదే చదువు. ఆ చదువు నాకు నేర్పింది ఆళ్లగడ్డలో ఉన్న మా అత్త. అత్తంటే మా నాయన చెల్లెలు.

మా అత్తావాళ్లది ఇనుప సామాన్ల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. కింద కొడుకు గొలుసులు, గునపాలు, మోటారు పైపులు అమ్ముతుంటాడు. ఎవరైనా రేకు బేరం చేస్తే పైన అన్నం తినేవాళ్ల పళ్లు గణగణలాడతాయి. వీధి చివర విగ్రహాలు చెక్కే ఉలి చప్పుడు వేరే. ఆ మోత మధ్యన వరండాలో, ఇనుప గ్రిల్ పక్కన కుర్చీ వేసుకుని మా అత్త కూచుంటుంది. షుగరు ఆమె కుడికన్నును పూర్తిగా తీసుకుపోయింది. ఎడమకంట్లో కాస్త మిగిల్చింది. నంద్యాల కంటి డాక్టరు సూదులు వేశాడు, చుక్కలిచ్చాడు. చివరికి, ఉన్న చూపు ఎన్నాళ్లుంటుందో తను చెప్పలేనని, ఏమన్నా చూసుకోవాలనుకుంటే ఆలస్యం చేయొద్దని చెప్పాడు. మనవరాలి పెళ్లో కాశీనో చూడాలంటుందని కోడలు అనుకుంది. ఆమె మాత్రం ఇంటికి పోదాం పా అంది.

నేను మొదటి హత్య అచ్చేసి గర్వంగా తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టినప్పుడు, పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసినట్టు చూసింది.

"ఏందిరా ఇది, ఆవాలు ఆరబోసినావా?" అంది.

పన్నెండు పాయింట్ల అక్షరం అత్తా, అందరూ ఇదే వేస్తారు అన్నాను. అందరూ కండ్లుండే వాళ్లకు ఏస్తారు, నువ్వు నాకు యెయ్యి అంది. అప్పట్నుంచి ఒక్కో పేజీ వేరువేరు సైజుల్లో తీసుకుని ఆళ్లగడ్డ పోవడం, ఆమె ఎడమకంటి ముందు పట్టుకోవడం. పద్నాలుగు ఆనలేదు. పదహారు మసక. పద్దెనిమిది దగ్గర మొదటి వాక్యం గడగడా చదివి, ఇంకా ఎడం గావాల వరసకూ వరసకూ, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచుంటాండాయి అంది. వరసలు విడదీశాను. తెల్లకాగితం మెరుస్తోందంది. పసుపుపచ్చ కాగితం తెచ్చాను. ఇప్పుడు నా పుస్తకాలు మందంలో నాతో పోటీ పడుతున్నాయి. ఒకటి తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. కానీ చదివినవాళ్లు దుకాణానికొచ్చి, కళ్లజోడు లేకుండా చదివానప్పా అని చెప్పి పోతున్నారు. వాళ్లకు తెలియదు, వాళ్లందరూ మా అత్త ఎడమకంటితో చదువుతున్నారని.

పేరాలూ ఆమెవే. నేను ఒక పాత పేజీ చదివి వినిపిస్తే, కళ్లు మూసుకుని విని, ఈడ తుంచు, ఈడ తుంచు అని చేత్తో గాలిని కోసేది. ఎట్ల తెలుస్తాంది అత్తా అని అడిగాను. ఈడ ఊపిరి తీసుకోవాల గదరా, ల్యాకుంటే వినేవాళ్లు దగ్గుతారు అంది. అప్పుడు చెప్పింది. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో వీధిలో చదువొచ్చిన కోడలు తనొక్కతే. మధ్యాహ్నం అంగడి మూసి మగవాళ్లు పడుకున్నాక, వాళ్లత్త వీధిలో ఆడవాళ్లందర్నీ పిలిచి కూచోబెట్టేది. వారపత్రికలో వచ్చే డిటెక్టివ్ సీరియల్ ఈమె గట్టిగా చదవాలి, వాళ్లు వినాలి. వక్క నమిలేవాళ్లు నమిలేవాళ్లే, బియ్యం ఏరేవాళ్లు ఏరేవాళ్లే. హత్య జరిగే చోట మాత్రం చేటలు ఆగిపోయేవి.

నా పుస్తకాలన్నీ చూశాక ఒకరోజు కోడలితో ట్రంకుపెట్టె తెరిపించి ఒక మూట బయటికి తీయించింది. ఆ సీరియలే. వారం వారం కత్తిరించి, దబ్బనంతో పురికొస పెట్టి కుట్టుకున్న పుస్తకం. నంద్యాల సోనామసూరి బస్తా అంత బరువుంది. నేనూ కోడలూ కలిసి ఎత్తి మంచం మీద వేస్తే మంచం కోడు మూలిగింది. ఆ కథ పుస్తకంగా ఎప్పుడూ రాలేదు.

"ఇది నాకు నా కంటికి ఆనేతట్టు వేసియ్యి. ఒక్కతూరి నేను సదువుకోవాల."

నువ్వే కదత్తా అందరికీ చదివి వినిపించింది అన్నాను.

"నోరు సదివిందిరా, నేను సదవలే. ఒక చెవి మా అత్త దగ్గుమీద, ఒక చెవి ఉయ్యాల్లో పిల్లోడిమీద. ఆ పక్కావిడ, మళ్ల చెప్పు మళ్ల చెప్పు అంటాండె. దొంగ ఎవురో తెలుసు. ఎట్ల దొరికినాడో ఈపొద్దుటికీ తెల్దు."

డాక్టరు చూసుకోమన్నది ఏమిటో నాకప్పుడు తెలిసింది. కాశీ కాదు.

నేను ఫోనుతో ఫొటోలు తీసుకుందామని చూశాను. కుట్టు గట్టిది. మడత లోపలికి పోయిన అక్షరాలు పడడం లేదు. పుస్తకాన్ని బలవంతంగా విప్పితే కాగితం అప్పడంలా విరుగుతోంది. కుట్టు కోస్తే గానీ కాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాక, మిషను సంగతీ వెలుతురు సంగతీ ఏవేవో చెబుతున్నాను. ఆమె కోడలిని బ్లేడు అడిగింది. కోడలు, మీరు కుట్టింది గదా అత్తా, ఎందుకు, అట్లే ఉండనీ అంటోంది. మా అత్త వేళ్లతో తడిమి ముడి ఎక్కడుందో పట్టుకుని, బ్లేడుతో తనే కోసింది. పురికొస తెగి పేజీలు ఒడిలో జారాయి. ఆమె చేతిని కాసేపు వాటిమీదే పెట్టుకుని, తర్వాత నావైపు తోసింది.

మూఢం మొదలైంది. నేను దుకాణంలో కూచుని టైపు చేయడం మొదలుపెట్టాను. ఈసారి చదివి వినిపించొద్దని అత్త గట్టిగా చెప్పింది, తన కంటితోనే చదవాలట. అందువల్ల నాకు నేనే గొంతెత్తి చదువుకుని, ఊపిరి ఆగిన చోట పేరా తుంచుకున్నాను. దుకాణంలో ఒక్కణ్నే కూచుని 'కదిలితే కాలుస్తాను' అని అరుస్తుంటే, మూఢం పోయాక చేసే గృహప్రవేశానికి కార్డు వేయించుకుందామని బండి ఆత్మకూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన చేతులు పైకెత్తాడు.

కథలో సముద్రం ఒడ్డున ఒక బంగళా. మేడమీద గది బయటినుంచి తాళం వేసి ఉంది, లోపల్నుంచి ఎవరో మూలుగుతున్నారు. డిటెక్టివ్ మెట్లెక్కి తలుపు ముందు నిలబడ్డాడు. దీపం ఆరిపోయింది. అక్కడితో ఆ వారం అయిపోయింది. పేజీ తిప్పితే గడ్డపారతో తలుపు పగిలిపోయి ఉంది, డిటెక్టివ్ గది లోపల ఉన్నాడు. మధ్యలో ఒక వారం లేదు.

ఆ సీరియల్ దాచుకున్న ఇళ్ల కోసం నేను తిరిగిన తిరుగుడు రాస్తే అదే ఒక సీరియలవుతుంది. నా స్కూటరు టైర్లు అరిగి ఉత్త రిమ్ముల మీద నడిచింది. పాములపాడులో ఒకాయన దగ్గర ఉందంటే పోయాను, చెదలు నాకంటే ముందే చదివేశాయి. శిరివెళ్లలో వ్యవసాయం చేసుకునే ఒక పెద్దాయన దగ్గర మాత్రం చక్కగా బైండు చేయించింది దొరికింది. గబగబా పేజీలు తిప్పాను. డిటెక్టివ్ తలుపు ముందు నిలబడ్డాడు, దీపం ఆరిపోయింది, పేజీ తిప్పితే గడ్డపార.

"ఆ వారం పుస్తకమే రాలేదప్పా," అన్నాడు పెద్దాయన. "నంద్యాల ఏజెంటుకు పత్రికల కట్టే దిగలేదు. ఈ దిక్కు యెవురికీ లేదు. శానా బాధపడితిమి."

నేను ఆళ్లగడ్డ పోయి, ఏజెంటు సంగతి ఎత్తకుండా అత్తతో మాట్లాడాను. ఒక వారం పోయింది, అది లేకుండా పుస్తకం వేయలేను అన్నాను. ఆమె తడుముకోకుండా, యాడ పోయింది, నాకు తెలుసుగదా, రాసుకో అంది. డిటెక్టివుకు పొద్దున్నుంచి తిండి లేదు. మెట్లు దిగి వంటింట్లోకి పోయినాడు. వంటావిడ బొరుగులు నానేసి, తిరగమాత పెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీ నంజుకోమని పెట్టింది. ఇంకా కావాలా అని బొరుగుల డబ్బాలో చెయ్యి పెట్టేసరికి చేతికి తాళంచెవి తగిలింది. ఆమె మొహం పాలిపోయింది. ఆయన తాళంచెవి తీసుకుని మెట్లెక్కబోయినాడు.

నేను రాసుకోవడం ఆపాను. సముద్రం ఒడ్డున, ఆ బంగళాలో, మన సీమ ఉగ్గాని ఎవరు చేశారత్తా అని అడిగాను. ఆకలైతే ఏదన్నా తింటారప్పా, అచ్చులో అట్లనే ఉన్న్యాది అంది.

వీధిలో ఆనాటి శ్రోతల్లో ఒకావిడ ఇంకా ఉంది. పళ్లన్నీ పోయాయి, జ్ఞాపకం పోలేదు. ఆమెను అడిగాను. ఉగ్గాని, బజ్జీ, బొరుగుల డబ్బా, తాళంచెవి, అన్నీ వరసగా ఒప్పజెప్పింది. ఆ తాళంచెవి తర్వాత ఏమైందమ్మా అని అడిగితే, మెట్లెక్కుతాంటే కాలు జారి బావిలో పడె గదా, అందుకే గడ్డపార తెచ్చినారు అంది. అచ్చులో చదివావా అని అడిగాను. నాకు సదువు యాడొచ్చునప్పా, మీ అత్త సదివితే ఇన్న్యా అంది.

సముద్రం ఒడ్డు డిటెక్టివుకంటే నేను ఏం తక్కువ తిన్నాను? కట్ట దిగని వారం. ఉగ్గాని. చదువురాని శ్రోతలు. చదువొచ్చిన ఒకే ఒక్క కోడలు. మీసం మెలివేసుకుంటూ వరండాలోకి వచ్చి, హంతకుణ్ని పట్టిచ్చే చివరి అధ్యాయంలోలాగా మెల్లగా చుట్టూ నడిచి, ఆ వారం పత్రిక రాలేదు కదత్తా అన్నాను.

"రాలే," అంది అత్త.

మరి ఏం చదివినావు అన్నాను.

"పోయిన వారంది తెరిచి ముందర పట్టుకున్న్యా. ఏం జెయ్యమంటావ్? అందరూ పనులు ఇడ్సిపెట్టి వచ్చి కూచున్యారు. ల్యాదని చెప్తే మా అత్త మొగం ఎట్లుంటాది? నోటికొచ్చింది చెప్పినా. ఆపొద్దు ఇంట్లో ఉగ్గానే చేసింటి."

సిగ్గూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. నా మీసం దానంతటదే కిందికి దిగింది. బావి సంగతి అడిగాను. తరువాతి వారం అసలు పత్రిక వచ్చిందట. చూస్తే అందులో తాళంచెవీ లేదు, బొరుగులూ లేవు, గడ్డపార ఉంది. పక్కావిడ, తాళంచెవి చేతిలో ఉంటే తలుపెందుకు పగలగొట్నారు అని అడిగిందట. అచ్చైన వాక్యం చదువుతూ చదువుతూనే, మధ్యలో కాలు జార్చి, తాళంచెవిని బావిలో వేసి, గడ్డపార దగ్గరికి క్షేమంగా తెచ్చిందట. ఆ బంగళాలో మేడమెట్ల పక్కన బావి ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఆళ్లగడ్డలో అది అంత వింత కాదు.

దాన్నే వేస్తాను అన్నాను. అప్పుడు మాత్రం ఆమెకు కోపమొచ్చింది. ఆయప్ప రాసినదాంట్లో నా సొల్లు కలిపితే పాపం చుట్టుకుంటాది, వద్దంది. ఖాళీ పేజీలు పెట్టు, నేను ఊహించుకుంటా అంది. ఇన్నేళ్ల తర్వాత చదవబోతున్న మనిషికి మధ్యలో గుంత పెట్టి ఎలా ఇవ్వడం? రచయిత కూతురికి ఫోను చేసి, జరిగిందంతా చెప్పాను. ఆ వారం తమ ఇంట్లో కూడా లేదంది. ఉగ్గాని అంటే ఏమిటో అడిగి తెలుసుకుంది. నవ్వి నవ్వి, మా నాన్నగారు ఆ డిటెక్టివుకు నవలంతా కాఫీ తప్ప ఏమీ పెట్టలేదు, పోనీ మీ ఊళ్లోనైనా తిననివ్వండి, ఎవరు చెప్పారో మాత్రం వేయండి అంది. ఆ మాట అత్తకు చేరవేశాను.

"నా పేరు వద్దు. ఆళ్లగడ్డలో చెప్పిందని యెయ్యి. చాలు."

అలాగే వేశాను. ఆ వారం మొదట్లో చిన్న గమనిక పెట్టాను. పత్రిక అందనందువల్ల ఈ భాగం ఆళ్లగడ్డలో ఒక మధ్యాహ్నం చెప్పబడింది, ఇందులోని ఉగ్గానికి రచయిత బాధ్యుడు కాడు అని.

ఈలోగా శుక్రుడు బయటికొచ్చేశాడు. మూఢం ముగిసింది, ముహూర్తాలు విరుచుకుపడ్డాయి. దుకాణం ముందు పెళ్లికొడుకుల తండ్రులు నంద్యాల రైల్వేగేటు దాకా నిలబడ్డారు. పుస్తకం సగమే అచ్చయింది. అటు కోడలు ఫోను చేసి, పొద్దున అత్త చెంబు పక్కనే చెయ్యి పెట్టి చెంబు కోసం వెతుకుతోంది, మీరు కొంచెం తొందర చేయండి అని చెప్పింది. మామూలుగా నేను ముహూర్తాలకు భయపడే మనిషిని. ఈసారి మిషను మీద ఉన్న పెళ్లికూతుర్ని దించి హంతకుణ్ని ఎక్కించాను. ఎవరి పెళ్లీ ఆగలేదు, పత్రికలు కాస్త ఆలస్యమయ్యాయంతే. ఒకాయన తిట్టాడు. ఎందుకో చెప్పాను. విని, ముందు ఆమెది కానీయప్పా, నా కొడుకు యాడికీ పోడు అన్నాడు. ఆయన పేరు కూడా ఇక్కడ రాయకూడదు గానీ, నా మనసులో అచ్చయింది.

మొదటి కాపీ కుట్టి, బైండు చేసి ఇంటికి తెస్తే, శుభలేఖలకు పెట్టే అలవాటు చొప్పున మా ఆవిడ నాలుగు మూలలా పసుపు రాసింది. హత్యకు పసుపేమిటే అన్నాను.

"చచ్చినోడికి కాదు, చదివే మనిషికి పెట్టినా," అంది.

ఆళ్లగడ్డ బస్సెక్కాను. పుస్తకానికి కండక్టరు సగం టికెట్టు కొట్టాడు. శిరివెళ్ల దగ్గర వడ్లు దించుకున్న ట్రాక్టరు అడ్డమొస్తే బస్సు ఆగింది. ఎప్పుడూ లేంది, నేను డ్రైవరును తొందరపెట్టాను.

అత్త చేతికి పుస్తకమిచ్చాను. పసుపు వాసన చూసింది. కుర్చీని గ్రిల్ వైపు తిప్పించుకుంది, మొదటి పేజీ తీసింది, వేలు పెట్టింది, పెదాలు కదలకుండా చదవడం మొదలుపెట్టింది. కింద ఇనుప అంగడి నిశ్శబ్దమైపోయింది. విగ్రహాలు చెక్కేవాళ్లు ఉలి కింద పెట్టారు. కోడలు అన్నానికి పిలిస్తే చెయ్యి విదిలించింది. ఎండ గ్రిల్ మీదుగా జరుగుతూ జరుగుతూ గోడ ఎక్కి వెళ్లిపోయే వేళకు చివరి పేజీ తిప్పి, పుస్తకం మూసి, ఎట్ల దొరికినాడో తెలిసిందిరా, శానా బాగా చేసినావు అంది.

ఇదిగో, ఇక్కడ ఆపాలి. పైన రాసిందాంట్లో మొసలి, తుమ్ము, సోనామసూరి బస్తా, సగం టికెట్టు లాంటివాటిని మీరే తగ్గించుకుని ఉంటారు. అవి అబద్ధాలు కావు, గాలి. ఉగ్గాని నిజం, బావి నిజం, రచయిత కూతురు నవ్వడం నిజం, మూలలా పసుపు నిజం. నేను ఏమీ లేనిచోట అల్లింది ఒక్కటే. ఆ చివరి పేజీ. ఆమె పుస్తకం పూర్తి చేయలేదు, నన్ను మెచ్చుకోనూ లేదు.

జరిగిందేమిటంటే, ఆ మధ్యాహ్నమంతా కూచుని మొదటి పేజీ చదివింది. కంటివెంట నీళ్లు కారితే కొంగుతో తుడుచుకుని, కాసేపు మూసుకుని, మళ్లీ తెరిచింది. కింద రేకుల మోత ఎప్పటిలాగే ఉంది. అప్పట్నుంచి గ్రిల్లోంచి ఎండ సరిగ్గా ఒడిలో పడే వేళకు కోడలు కుర్చీ జరిపి పుస్తకం చేతికిస్తోంది. మబ్బు పట్టిన రోజు చదువు లేదు. కొన్నాళ్లు పేజీ, కొన్నాళ్లు సగం. ముహూర్తాలు అయిపోయాయి, ఇంకో మూఢం వచ్చింది, నేను ఇంకో హత్య మొదలుపెట్టాను. ఆమె ఇంకా తాళం వేసిన గది దాకా కూడా రాలేదు. ఆ కన్ను ఈ పుస్తకానికి సరిపోతుందో లేదో నాకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. దీన్ని రాయడానికి మనసొప్పక ఆ పైది రాశాను.

కానీ పోయినవారం పోయినప్పుడు నా అబద్ధం కంటే నిజమే బాగుందనిపించింది. మిగతాది నేను చదివి వినిపిస్తానత్తా, రెండు మధ్యాహ్నాల్లో అయిపోతుంది అన్నాను. కోడలు కూడా నేనూ చదువుతానంది. అత్త పుస్తకం మీంచి తల ఎత్తలేదు. వేలు వరస మీదే ఉంది.

"తొందరేముందిరా? ఈ తూరి ఎవురూ వచ్చి కూచోని ఎదురుజూస్తాండ్లేదు గదా," అంది. "రొంత జరుగు. ఎండకు అడ్డముండావు."

నేను జరిగి కూచున్నాను.